ఉన్నత పాఠశాలలో చదువరాని బిడ్డలు

(నల్లపాడు పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



ఈ సభకు విషయమును నిర్ణయించు భారమును మందిరమువారు నాకే విడిచిరి. గ్రంథాలయోద్యమ చరిత్రమును గూర్చియో, రాజ్యాంగమును గూర్చియో చెప్పుదునని మీరు తలచియుందురు. నేనెన్నుకొన్న విషయము చూచుటకు వానికంటె చిన్నది. కాని ఆలస్యమునకు ఓర్వనిది. ఎనిమిదవ తరగతిలోను, తొమ్మిదవ తరగతిలోను కూర్చుండియు, తెలుగున ఒక చిన్న పేరాను తడుముకొనక చదువలేని బిడ్డలను గూర్చి మీకు విన్నవింపదలచితిని. వారు మొద్దులు కారు, సోమరులు కారు. చదువుటను వారికి ఎవ్వరును తుదిముట్ట నేర్పలేదు. ఇప్పుడైనను నేర్పవచ్చును, నేర్పవలసినవారిలో మనమును ఉన్నాము. నేను చెప్పవచ్చినది ఇంతియే.

మొదట అంకెలు చూతము. గ్రామములలో ఇంటింటికి వెళ్లి పిల్లలచేత చదివించి చూచు అసర్ పరిశీలనము 2018లో జరిగినపుడు, దేశమందలి ఎనిమిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు నూటికి 73 మందియే. కరోనా మూలమున బడులు మూతపడి తెరచిన పిమ్మట, 2022లో ఆ సంఖ్య 69.6కు దిగినది. 2023లో 14 మొదలు 18 ఏండ్ల ప్రాయమువారిని పరీక్షింపగా, నూటికి సుమారు 25 మంది తమ ప్రాంతీయ భాషలో ఆ రెండవ తరగతి పాఠమునే ధారాళముగ చదువలేకపోయిరి. మన రాష్ట్రమున 2022లో పదవ తరగతి పరీక్ష నెగ్గినవారు నూటికి 67.26 మంది. తప్పినవారందరును చదువరానివారని నేననను. కాని ప్రశ్నపత్రమును చదివి గ్రహింపజాలని బిడ్డ దానికి ఉత్తరమెట్లు వ్రాయగలడు? లెక్కలలో తప్పినాడని మనమనుకొన్న బాలుడు పెక్కుమారులు ఆ లెక్కను చదువుటలోనే తప్పియుండును.

ఇంతకు బిడ్డ చదువరాకయే ఎనిమిదవ తరగతికి ఎట్లు వచ్చినాడు? మన లిపి అందమైనదే కాని తొందరగ పట్టుబడునది కాదు. ఇంగ్లీషున 26 అక్షరములు. మనకు అచ్చులును హల్లులును కలిసి ఏబదికి పైగా నుండుటయే కాక, ప్రతి హల్లునకు గుణింతము కలదు, ఒత్తు కలదు. ఈ రూపములన్నియు కలిసి కొన్ని వందలగును. మన లిపికి తోబుట్టువైన కన్నడలిపిని నేర్చుకొను పిల్లలను పరిశోధించినవారు, నాలుగవ తరగతికి వచ్చినను ఈ రూపములు పూర్తిగ పట్టుబడనివారు కలరని కనుగొనిరి. పాఠ్యపుస్తకము మాత్రము ఆగదు. మూడవ తరగతి దాటినంతనే, బిడ్డకు చదువుట వచ్చినదే యనుకొని అది ముందునకు సాగును. అంతవరకు చదువుట నేర్చుకొన్నవాడు అటుపిమ్మట చదివి నేర్చుకొనవలయును. ఆ మలుపున జారిపడినవానిని లేవనెత్తుటకు ఎవ్వరును వెనుకకు రారు. పైతరగతి ఉపాధ్యాయునకు విజ్ఞానశాస్త్రమో, సాంఘికశాస్త్రమో బోధించుట పని. గుణింతము నేర్పుట ఆయన పట్టికలో లేదు.

మన సీమకు మరియొక కారణము గూడ కలదు. మిరప కోతల కాలమున ఆదోని, మంత్రాలయము వైపునుండి కూలి కుటుంబములు బిడ్డలతోగూడ మన చేలకు వచ్చుట మీరెరిగినదే. ఇచ్చటి కూలివారి బిడ్డలలోను పలువురు ఆ దినములలో ప్రత్తి తీతకో, మిరప కోతకో, ఇంట చంటిపిల్లను చూచుటకో బడి మానుదురు. ఏటికి రెండు నెలలు పోయినను, ఐదేండ్లలో పది నెలలు, అనగా ఒక సంవత్సరపు చదువు పోయినట్లే. హాజరుపట్టీలో పేరు మాత్రము నిలిచియుండును.

చట్టమేమి చెప్పుచున్నదో చెప్పుట నా వృత్తిధర్మము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఎనిమిదవ తరగతి వరకు ఎవ్వరిని నిలుపరాదనిన దాని 16వ సెక్షనే జనులకు తెలిసినది. 2019లో దానిని సవరించి, అయిదవ, ఎనిమిదవ తరగతులలో పరీక్షపెట్టి నిలుపు అధికారమును ప్రభుత్వములకిచ్చిరి. నిలిపినంతమాత్రమున చదువు వచ్చునా? మొదటి యేట ఫలింపని పద్ధతినే రెండవ యేటను ప్రయోగించినట్లగును. అదే చట్టములోని 24వ సెక్షనును ఎవ్వరును చదువరు. ప్రతి బిడ్డ అభ్యసనశక్తిని అంచనావేసి, కావలసినవానికి అదనపు బోధన చేయుట ఉపాధ్యాయుని విధులలో ఒకటియని అందు స్పష్టముగ నున్నది. బడికి దూరమైన బిడ్డను వయస్సుకు తగిన తరగతిలో చేర్చినపుడు, తోడివారితో సమానుడగుటకై ప్రత్యేకశిక్షణ పొందు హక్కు వానికి కలదని 4వ సెక్షను పలుకుచున్నది. కావున మనమడుగునది దయ కాదు, చట్టము ఇచ్చిన హక్కే. 2021లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన నిపుణ్ భారత్, మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డకును చదువుట రావలెనని 2026-27 సంవత్సరమును గడువుగ పెట్టినది. మంచి సంకల్పమే. కాని ఆ తరగతిని ముందే దాటిపోయిన పెద్దపిల్లల సంగతి యేమి?

“చదువరాకున్ననేమి, చేలో పని చేసికొని బ్రతుకడా?” అనువారు కలరు. చేలో పనిచేయువానికే చదువు మరింత కావలయును. పురుగుమందు డబ్బాపై నుండు వజ్రాకారపు గుర్తులోని క్రింది త్రికోణము ఎరుపైనచో అత్యంత విషము. పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులు క్రమముగ తక్కువ విషమునకు గుర్తులు. రంగును చూచి జాగ్రత్తపడవచ్చును. కాని ఎంత నీటికి ఎంత మందో, ఒడలిపై పడినచో ఏమి చేయవలెనో చదివిననే తెలియును. విత్తనము మొలకెత్తక, కాపు కాయక వినియోగదారుల కమిషనుకు పోయిన రైతును మొదట అడుగునది బిల్లును, సంచిపైని లాటు సంఖ్యను. శీతల గిడ్డంగిలో మిరపబస్తాలు పెట్టినవాని ఆస్తియంతయు ఒక రసీదులో నున్నది. ఇక ప్రామిసరీ నోటు మాట. వేలిముద్ర వేసినవాని విషయమున, పత్రమును వానికి చదివి వినిపించితిరా యని న్యాయస్థానము సాధారణముగ విచారించును. చక్కగ సంతకము చేసినవాని విషయమున ఆ విచారణకు ఎడము తక్కువ. సంతకము వచ్చి చదువరానివాడు వేలిముద్రవాని కంటెను నిస్సహాయుడు. మన ఉన్నత పాఠశాలలు ఏటేట అట్టివారిని లోకములోనికి పంపుచున్నవి.

వయస్సు మీరినవానికి చదువు రాదనుట అబద్ధము. మన దక్షిణమున నెల్లూరు జిల్లాలో 1990 ప్రాంతమున సాగిన అక్షరాస్యతోద్యమమున, పగలంతయు కూలిచేసిన స్త్రీలు రాత్రి దీపములకడ చదువు నేర్చిరి. సారాను గూర్చిన పాఠము వారిని ఆలోచింపజేసినది. దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. 1992లో ఆ మంట రాష్ట్రమంతట వ్యాపించి, 1995లో మద్యనిషేధమునకు దారితీసినది. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషనువారు 1991 నుండి పనిపాటలలోనున్న బాలబాలికలను శిబిరములలో చేర్చి, నెలలతరబడి ఎడతెగక చదివించి, వయస్సుకు తగిన తరగతులకు పంపిరి. దానికి నాయకత్వము వహించిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించినది. ఉత్తరప్రదేశ్‌లో 2013-14లో ప్రథమ్ సంస్థవారు మూడు మొదలు అయిదు తరగతుల పిల్లలను, తరగతినిబట్టి గాక చదువగల శక్తినిబట్టి గుంపులు చేసి, మొత్తము 50 దినములు శిబిరములలో నేర్పిరి. ఒక పేరాను చదువగలవారి సంఖ్య, శిబిరములు లేని బడులతో పోల్చగా రమారమి రెట్టింపైనది.

ఈ పని యెట్లు చేయవలెనో చెప్పెదను. ఇందు మర్మమేమియు లేదు. కావలసినది క్రమము, ఓర్పు.

మొదట ప్రతి బిడ్డచేతను ఒంటరిగ, పదుగురి ఎదుట గాక, అయిదు నిమిషములు చదివింపవలెను. అక్షరముకడ ఆగువాడు, మాటకడ ఆగువాడు, పేరాకడ ఆగువాడు, చదివియు అర్థము చెప్పలేనివాడు అని నాలుగు విధములవారు తేలుదురు. అందరికి ఒకే మందు పనికిరాదు. ఒక్కొక్క గుంపున ఎనమండ్రకు మించరాదు. పుస్తకమును కంటికి దగ్గరగ పట్టుకొను బిడ్డను ముందు కంటివైద్యునకు చూపవలెను. ఎందరికో కావలసినది కళ్లజోడే. ఎంత నేర్పినను అక్షరములు తారుమారగువారు కొందరుందురు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము దానిని గూడ ఒక వైకల్యముగ గుర్తించినది. వారికి పరీక్షలో రాయితీలు దొరకునట్లు చూడవలెను.

పిమ్మట దినమునకు రెండు గంటలు. మొదటి అరగంట గుణింతములకు, ఒత్తులకు. తరువాత పెద్దమాటలను విరచుట. “కిరణజన్యసంయోగక్రియ” యను మాటను చూచి బాలుడు బెదరును. కిరణ, జన్య, సంయోగ, క్రియ యని నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్కదానికి అర్థము చెప్పినచో, ఆకు వెలుతురుతో ఆహారము చేసికొను పనియే యది యని వాడే చెప్పును. అటుపిమ్మట బిగ్గరగ చదువుట: ముందు నేర్పువాడు చదువవలెను, తరువాత ఇద్దరును కలిసి, తరువాత బిడ్డ ఒక్కడే. అదే పేరాను మూడు దినములు మరల మరల చదివినగాని నాలుక తిరుగదు. నాలుక తిరిగినగాని మనస్సు అర్థముపైకి పోదు. తుదకు పుస్తకము మూయించి, చదివినదానిని తన మాటలలో చెప్పింపవలెను, నాలుగు పంక్తులు వ్రాయింపవలెను. పదిదినములకొకసారి మరల పరీక్షించి, ముందునకు వచ్చినవానిని పై గుంపునకు మార్చవలెను.

ఒక సంగతి మరువరాదు. పదునాలుగేండ్ల బాలునిచేత పసిపిల్లల బొమ్మల వాచకము పట్టించిన, వాడు సిగ్గుపడి మరునాడు రాడు. వార్తాపత్రికలోని ఆటల వార్త, మిరపయార్డు ధరల పట్టిక, మందు డబ్బాపైని కాగితము, మంచి కథ, వీనితో నేర్పవలెను. ఎగతాళి చేయు నేర్పరి మనకక్కరలేదు.

“ఇది ఉపాధ్యాయుల పని, మన కేల?” యందురా? వారి పనియే. వారిని విడిచి మనము చేయవలెనని నేననుట లేదు. ప్రధానోపాధ్యాయుని అనుమతితో, వారితో కలిసి చేయుదము. “నేటిది ఇంగ్లీషు మాధ్యమము గదా?” యందురా? 2020 తరువాత మన రాష్ట్రమున ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటిపుటలో తెలుగు గల పాఠ్యపుస్తకములు అచ్చువేసిరి. ఇంట మాటలాడు భాషలోని పుటనే చదువలేని బిడ్డకు రెండు పుటలును మూసినవే. తెలుగున చదువు పట్టుబడినచో, ఇంగ్లీషు నేర్చుకొనుటకు వానికి ఒక ఆధారము దొరకును.

గుంటూరునకు ఇట్టి పని క్రొత్త కాదు. న్యాయవాదియైన ఉన్నవ లక్ష్మీనారాయణగారు సతీమణి లక్ష్మీబాయమ్మగారితో కూడి 1922లో ఇచ్చట శారదానికేతనమును స్థాపించి, లోకము చదువునకు దూరముచేసిన స్త్రీలకు చదువు చెప్పించిరి. వారు ఆజ్ఞకొరకు ఎదురుచూడలేదు.

మన మందిరమున సాయంకాలము ఆరునుండి ఎనిమిదివరకు రెండు గదులు ఖాళీగ నుండును. జూలైలో మొదలిడి, వారమునకు అయిదు దినముల చొప్పున నడిపినచో, ప్రత్తి తీతలు, మిరప కోతలు ముమ్మరము కాకమునుపే, దసరా లోగా 50 దినములు పూర్తియగును. ఆడపిల్లలకు చీకటిపడక మునుపే, సాయంకాలపు గంట కొట్టినవెంటనే బడిలోనే నడుపవలెను. దానికి చదువుకొన్న తల్లులు ముందునకు రావలెను. నలుబదిమంది పిల్లలకు పదునైదుమంది నేర్పువారు చాలుదురు. పింఛనుదారులు కలరు, కళాశాల విద్యార్థులు కలరు, నాతోడి ప్లీడర్లు కలరు. వారమున ఒక్కొక్కరు రెండు సాయంకాలములిచ్చిన చాలును.

పేర్లు వ్రాసికొనుటకు ఆ బల్లపై ఒక పుస్తకముంచినారు. సోమ, గురువారములు నావిగ వ్రాసియున్నాను. తక్కిన దినములను మీరు నింపవలెనని కోరుచున్నాను.