కృష్ణకు అవతలి విమానం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఇంజనీరుకు మైకు ఇస్తే యంత్రం గురించే చెబుతాడు. కాకపోతే నేను చెప్పబోయే యంత్రానికీ మన కృష్ణకూ చుట్టరికం ఉంది.

లండన్‌లో హెండన్ అనే చోట బ్రిటిష్ వైమానిక దళం మ్యూజియం ఉంది. అందులో మొదటి ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ ఒకటుంది. రకం డి.హెచ్.9ఎ, నంబరు ఎఫ్ 1010. చెక్క చట్రానికి గుడ్డ బిగించి కట్టిన విమానం. హైదరాబాద్ నిజాం ఇచ్చిన కానుక అని దాని ఒంటి మీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది. 110వ స్క్వాడ్రన్ విమానాలకు సొమ్మిచ్చింది మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు.

అంతకు ముందు వచ్చిన డి.హెచ్.9కు 230 హార్స్‌పవర్ ఇంజను. మాటిమాటికీ మొరాయించేది. ఎఫ్ 1010కి అమెరికావారి లిబర్టీ ఇంజను పెట్టారు. 12 సిలిండర్లు, 400 హార్స్‌పవర్. ఎగరడం బాగుపడింది గాని దిగడం మాత్రం పాత పద్ధతే. చక్రాలకు బ్రేకులు లేవు. తోక కింద కొయ్య ముక్క ఒకటి నేలను గీరుకుంటూ పోతే అదే బ్రేకు. రన్‌వే అంటే పచ్చిక బీడు. పైకప్పు లేని చోట కూర్చుని గంటల తరబడి గడ్డకట్టే చలిలో ఎగిరొచ్చిన మనిషి, వేళ్లు కొంకర్లు పోయి ఉండగా దాన్ని దించాలి. ఆ స్క్వాడ్రన్ యుద్ధంలో ఉన్నది రెండున్నర నెలలు కూడా కాదు. దాడికి వెళ్లి తిరిగి రాని విమానాలు 17. ప్రమాదాల్లో విరిగినవి 28. తుపాకీ కంటే నేలే ఎక్కువ మింగిందన్నమాట.

1918 అక్టోబరు 5న ఎఫ్ 1010 ఫ్రాన్స్‌లోని బెటన్‌కూర్ నుంచి జర్మనీ మీదకు వెళ్లింది. ముందు కెప్టెన్ ఇంగ్లిస్, వెనక మెషిన్‌గన్ దగ్గర లెఫ్టినెంట్ బాడ్లీ. దెబ్బ తిని శత్రువు నేల మీదే దిగాల్సి వచ్చింది. ఇద్దరూ బతికారు, ఖైదీలయ్యారు. సరిగ్గా 37 రోజులకు యుద్ధం ఆగిపోయింది. అదృష్టవంతులనే అంటాను. అక్టోబరు 21న అదే స్క్వాడ్రన్ ఒక్క దాడిలో 7 విమానాలు పోగొట్టుకుంది.

ఆ దిగిన విమానాన్ని జర్మన్లు బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే తూర్పుకు తరలించారు. చివరికి పోలండ్‌లోని క్రాకోలో తేలింది. 1977లో ఇంగ్లాండు ఒక స్పిట్‌ఫైర్‌ను ఇచ్చి దీన్ని తెచ్చుకుంది. మన సంతలో ఎడ్లను మార్చుకున్నట్టే!

ఇక చుట్టరికం సంగతి. నిజాం ఇచ్చాడంటే ఆయన సేద్యం చేసి సంపాదించింది కాదు గదా. ఆ ఖజానాకు పెద్ద రాబడి భూమి శిస్తు. దాచేపల్లి దాటి పొందుగల దగ్గర కృష్ణకు అవతల చూస్తే వాడపల్లి. 1918లో అది నిజాం రాజ్యం. మిర్యాలగూడ, దేవరకొండ రైతుల శిస్తు కలిసిన ఖజానా అది. తమ రాజ్యం పేరు మోసిన బండి జర్మనీలో దిగబడిందని వాళ్లకు ఎవరు చెప్పి ఉంటారు? ఇవతల మనవాళ్లు ఆ తర్వాత నాలుగేళ్లకు పుల్లరి కట్టమని ఎదురుతిరిగారు, కన్నెగంటి హనుమంతు ప్రాణమే ఇచ్చాడు. ఆ కథ మనకు సోషల్ మాస్టారు చెప్పారు. అవతలి కథ ఏ పాఠంలోనూ రాలేదు.

మనలో చాలామందికి నది అవతల వియ్యాలున్నాయి. ఆ పాత ఇళ్లలో, దూలాల మీద పెట్టెల్లో ఆ కాలం శిస్తు రసీదులు ఎవరికైనా కనిపిస్తే నాకు చూపించండి. చిరిగినా ఫరవాలేదు, ఉర్దూలో ఉన్నా ఫరవాలేదు. భోజనాలయ్యాక నేను వేపచెట్టు కిందే ఉంటాను.