నొప్పికి ముందు నడుము



రావికమతం మండలంలో కల్యాణపులోవ జలాశయం నీళ్లు పారే పొలాల్లో ఊడుపులు మొదలైతే ఆడవాళ్లు రోజంతా వంగే ఉంటారు. చెరకు నరికినప్పుడు మగవాళ్లు మోపులు మోస్తారు. ఈ హాలులో పట్టాలు అందుకుంటున్న విద్యార్థుల్లో చాలామంది ఫీజులు ఆ నడుములు కట్టినవే. నొప్పి ఎప్పటినుంచని డాక్టరు అడిగితే మాత్రం, వాళ్లలో ఒక తల్లి మొన్న బిందె ఎత్తినప్పటి నుంచి అంటుంది.

బిందె ఎత్తింది మొన్నే. లోపలి అరుగుదల ఏళ్లనాటిది.

వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల లోపలికి పెద్దవాళ్లలో రక్తనాళాలు వెళ్లవు. నొప్పి తెలిపే నరాలు పైపొరల దగ్గరే ఆగిపోతాయి. అందుకే నడిమి గుజ్జు ఎండుతున్నా, లోపలి పొరలు సన్నగా చీలుతున్నా మెదడుకు కబురు అందదు. పగటి బరువుకు డిస్కులోంచి నీరు బయటికి పోతుంది, రాత్రి పడుకున్నాక తిరిగి చేరుతుంది. పొద్దున లేచిన మనిషి సాయంత్రం కన్నా ఒక సెంటీమీటరు దాకా పొడుగుండడం అందువల్లే. వయసు పెరిగేకొద్దీ డిస్కుకు నీటిని పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది.

ఏ నొప్పీ లేనివాళ్ల స్కానింగులపై 2015లో వచ్చిన ఒక సమీక్షలో, ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. ఈ హాలులో పట్టా పుచ్చుకునే వయసు అది. వాళ్లందరికీ నొప్పి వస్తుందని కాదు, కాబట్టి స్కానింగు కాగితం చూసి బెంబేలు పడనక్కర్లేదు.

వెన్ను ఇలా చప్పుడు లేకుండా పాడవడం తెలుగునేలకు మరో రూపంలోనూ తెలుసు. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు నమోదు చేశారు. తర్వాత నల్లగొండ పేరు దానితో ముడిపడింది. తాగునీటి ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎముకల్లో చేరి వెన్ను బిగుసుకుపోయేది. పిల్లల పళ్ల మీది గారమచ్చలు ముందే కనిపించినా, పెద్దల నడుములు వంగడం మానేశాకే ఊళ్లకు కష్టం అర్థమైంది.

రేపు విశాఖలోనో హైదరాబాదులోనో కుర్చీ ఉద్యోగాల్లో చేరేవాళ్లు అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తే మంచిది. అంతకన్నా ముందు, ఈ సాయంత్రమే ఇంట్లో అమ్మానాన్నల నడుము సంగతి అడగాలి. కాలు బలం తగ్గుతోందన్నా, మూత్రం పట్టు తప్పుతోందన్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.