ట్రాక్టరులో కబురు తీగలు



దుక్కి దున్నుచుండగా ట్రాక్టరు డాష్‌బోర్డుపై ఒకేసారి మూడు దీపములు వెలిగినచో, మూడు భాగములు చెడినవని భయపడి వరుసగా మార్పించి డబ్బు పోగొట్టుకొనువారు కలరు. నిజమునకు చెడినది ఒక్కటే కావచ్చును. కారణము తెలిసికొందము.

పాత ట్రాక్టరులో ప్రతి పనికి వేరుగా కడ్డీయో, కేబులో ఉండెడిది. 2023 జనవరి నుండి మనదేశములో 50 హార్స్ పవర్ మించిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చిన పిమ్మట, వాటిలో డీజిలును కొలిచి పోయు పని ఎక్కువగా ఎలక్ట్రానిక్ పెట్టె చేతికి వచ్చినది. దీనినే ఈ.సీ.ఎం. అందురు. పెద్ద ట్రాక్టర్లలో గేరు బాక్సుకు ఒకటి, నాగలిని ఎత్తి దించు హైడ్రాలిక్కుకు మరొకటి కూడ ఉండును.

ఇవన్నియు పురి పెట్టిన రెండు తీగలపై మాట్లాడుకొనును. జర్మనీలోని బాష్ కంపెనీ 1986లో ప్రకటించిన ఈ పద్ధతికి 'క్యాన్' అని పేరు. ఇది ఊరిలో దండోరా వంటిది. గేరు బాక్సు పెట్టె చక్రముల వేగమును సెకనుకు అనేక మార్లు చాటును. కావలసిన పెట్టెలు వినుకొనును. రెండు కబుర్లు ఒకేసారి బయలుదేరినచో ముఖ్యమైనది ముందు పోవును, రెండవది ఆగును.

ఇందువలన లాభమేమి? చక్రము తిరుగుటను బట్టి వేగము గంటకు 5 కిలోమీటర్లు. నేలను చూచు రాడారు చెప్పిన అసలు నడక 4 కిలోమీటర్లు అనుకొనుడు. అనగా చక్రము నూటికి 20 వంతులు జారుచున్నది. ఈ లెక్క తెలిసిన హైడ్రాలిక్ పెట్టె నాగలిని కొద్దిగా పైకెత్తి బరువు తగ్గించును. చక్రమునకు పట్టు దొరకును.

ఆ వేగపు కబురు ఆగినచో మీటరు సున్న చూపును, గేరు మారదు, జారుడు లెక్క నిలిచిపోవును. ఒక్క సెన్సారు చెడినను ఎవరి దీపము వారు వెలిగింతురు. కావున ఈ క్రింది విషయములు గమనింపుడు.

1. భాగములు మార్చుటకు ముందు సెన్సారు ప్లగ్గులో బురద, తుప్పు, ఎలుక కొరికిన తీగలు ఉన్నవేమో చూడుడు.

2. బ్యాటరీ విప్పి, రెండు క్యాన్ తీగల మధ్య మల్టీమీటరుతో కొలిచిన సుమారు 60 ఓములు చూపవలెను. 120 చూపినచో ఒక చివర తెగినట్లు అనుమానింపవలెను.

3. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగ విప్పవలెను. కంపెనీ పుస్తకములో చెప్పినచో పెట్టెల ప్లగ్గులును తీయవలెను.

4. వేరు సైజు టైర్లు వేసినచో వేగపు లెక్క తప్పును, మెకానిక్కుచే సరిచేయింపుడు.

ఈ పెట్టెలు లేని ట్రాక్టరు గలవారు విచారింప నక్కరలేదు. వెనుక చక్రముపై సుద్దతో గుర్తు పెట్టి, అదే పొలములో నాగలి ఎత్తి 10 చుట్లు నడిపి దూరము కొలువుడు. నాగలి దింపి మరల 10 చుట్లు నడిపి కొలువుడు. మొదటిది 40 మీటర్లు, రెండవది 34 మీటర్లు అయినచో జారుడు నూటికి 15. అంతకు మించినచో డీజిలు, టైర్లు వృథా యగును. లోతు తగ్గింపుడు, లేదా చక్రమునకు తగిన బరువు చేర్చుడు.

ఈసారి దీపములు వెలిగినప్పుడు, మూడు భాగములు కొనుటకు ముందు ఒక్క తీగను పరీక్షింపుడు.