ఒంట్లోనే పుట్టి ఒంట్లోనే కరిగే మందు

శాలిబండలో గంజాయి ఊసెత్తగానే ముందు వరుసలో పెద్దలు కొంచెం కదిలారు, చూశాను! కంగారు పడకండి. చార్మినార్ పక్కన నిజామియా ఆసుపత్రి ఉంది కదా, అక్కడి యునానీ వైద్యానికి ఈ మొక్క కొత్తది కాదు. హకీములు దాన్ని ఖిన్నబ్ అన్నారు. కలకత్తాలో ఓషానెస్సీ అనే డాక్టరు దాన్ని ధనుర్వాతానికి, ఒక పసిబిడ్డ ఫిట్స్‌కు ఇచ్చి చూసి 1839లోనే రాశాడు. అదెలా పనిచేస్తుందో తెలియడానికి ఇంకో నూటయాభై ఏళ్లు పట్టింది.

1988లో అమెరికాలో హౌలెట్ అనే శాస్త్రవేత్త బృందం, గంజాయిలోని మత్తు పదార్థం మెదడులో ఎక్కడ అతుక్కుంటుందో కనిపెట్టింది. ఆ గ్రాహకమే సీబీ1. ఎక్కడో పెరిగే మొక్క కోసం మెదడు ఇంత ఏర్పాటు చేసుకోదు కదా! వెతికితే 1992లో ఇజ్రాయెల్‌లో మెషూలం అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో దొరికింది, మన ఒంట్లోనే తయారయ్యే ఆనందమైడ్. 1995లో 2-ఏజీ అనే రెండోది.

వీటి పని తీరు విచిత్రం. మామూలుగా కబురు ఒక నరకణం నుంచి ఇంకోదానికి ముందుకే పోతుంది. ఇవి వెనక్కి పోతాయి. కబురు అందుకునే కణం తన పొరలోని కొవ్వుతో అప్పటికప్పుడు వీటిని చేసి, పంపేవాడి మీదికే వదులుతుంది. దావత్‌లో వడ్డించేవాడికి పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి "బస్, చాలు" అంటామే, అట్ల. పని కాగానే ఎంజైములు వాటిని కరిగించేస్తాయి. నొప్పి, ఆకలి, భయం, వాంతులు అన్నిట్లోనూ ఈ "చాలు" ఉంది. గంజాయి పీలిస్తే అదే మాట మెదడంతా గంటల తరబడి మోగుతుంది. చదువుకునే పిల్లల జ్ఞాపకశక్తి దెబ్బతినేది అందుకే.

మందులు చేయడమూ అందుకే కష్టమైంది. ఆకలి తగ్గించాలని సీబీ1ను మూసేసే రిమోనబాంట్‌ను యూరప్‌లో 2006లో అనుమతించారు. బరువు తగ్గింది, దాంతోపాటు దిగులు, ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. 2008లో ఆపేశారు. నన్నడిగితే, మెదడులోకి పోకుండా పేగుల్లో, నరాల చివర్లలో మాత్రమే పనిచేసే మందుల మీదే ఆశ పెట్టుకోవాలి.

నిలబడిన మందు ఒకటుంది. గంజాయి మొక్కలోనే ఉండే, మత్తు లేని సీబీడీని శుద్ధి చేసి, పిల్లల్లో వచ్చే రెండు రకాల మొండి మూర్ఛలకు 2018లో అమెరికా అనుమతించింది. ఇది వినగానే సీబీడీ నూనె కొని పట్టించేవాళ్లున్నారు. మూర్ఛకే ఇచ్చే క్లోబజామ్ వాడే పిల్లలకు ఇది తోడైతే మగత విపరీతమవుతుంది, వాల్‌ప్రోయేట్ తోడైతే కాలేయం దెబ్బతినొచ్చు. పిల్లలను చూసే డాక్టరుకు చెప్పకుండా ఒక్క చుక్క కూడా వేయకండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.