నల్ల ఇసుక, రికార్డు పుస్తకం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను చేసే పని ఏమిటో అందరికీ అర్థమయ్యేలా చెప్పమన్నారు కార్యదర్శిగారు. మా అమ్మకే ఇప్పటిదాకా చెప్పలేకపోయాను. అయినా ప్రయత్నిస్తాను.

పాడైన రేడియో స్పీకరులోంచి అయస్కాంతం ఊడదీసి మన భీమిలి బీచిలో ఇసుక మీద తిప్పనివాళ్లు ఇక్కడ తక్కువే. అలా గట్టిగా అంటుకునే నల్ల రేణువులు మాగ్నటైట్, అంటే ఇనుప ఆక్సైడ్. పక్కనే ఉండే ఇల్మనైట్ కూడా నలుపే కానీ అంత గట్టిగా అంటుకోదు. నా ఉద్యోగమంతా ఈ అయస్కాంతాలు, ఆక్సైడ్లతోనే గడిచింది.

రెండు అయస్కాంత లోహపు పొరల మధ్య ఒకటి రెండు నానోమీటర్ల ఆక్సైడ్ పొర పెడతాం. ఆక్సైడ్ కరెంటును పోనివ్వదు. కానీ మరీ పల్చగా ఉంటే ఎలక్ట్రాన్లు కొన్ని అవతలికి చేరిపోతాయి. అదే టన్నెల్ జంక్షన్. ఎలక్ట్రాన్లలో స్పిన్‌ను బట్టి రెండు రకాలు. భీమిలి బస్సు దారిలో ఆగిపోయి, జనాన్ని వెనక బస్సులోకి మార్చారనుకోండి. ఇందులో ఆడవాళ్లు ఎక్కువై, అందులో ఆడవాళ్ల సీట్లే ఎక్కువ ఖాళీగా ఉంటే పని సులువు. లేకపోతే సగంమంది రోడ్డు మీదే. అలాగే రెండు పొరల అయస్కాంత దిశ ఒకటైతే నిరోధం తక్కువ, ఎదురెదురైతే ఎక్కువ. ఆ తేడాను తక్కువ నిరోధంతో భాగిస్తే వచ్చే శాతం కోసమే మా పోటీ అంతా. హార్డ్ డిస్కులో రాసినదాన్ని చదవడానికి పనికొచ్చింది ఈ తేడాయే.

1975లో ఫ్రాన్సులో జూలియర్ 14 శాతం చూపించారు, అదీ మైనస్ 269 డిగ్రీల చలిలో. మామూలు గది వేడిమిలో దాదాపు 12 శాతం సాధించింది 1995లో ఎమ్ఐటీలో మన దేశం నుంచి వెళ్లిన జగదీశ్ మూడేరా బృందం. అదే ఏడు జపాన్‌లో మియజాకి కూడా సాధించారు. ఆ మధ్య పొర అల్యూమినియం ఆక్సైడ్.

1999లో ఒక రాత్రి నా మీటరు 200 శాతం దాటింది! నిద్రపోలేదు. తెల్లారేసరికి సదస్సుకు పంపే వ్యాసం టైపు చేసేశాను, పై అధికారికీ చెప్పేశాను.

నాలుగు రోజులయ్యాక ఎందుకో రికార్డు పుస్తకం గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో లోలకంతో g కనుక్కుంటే నాకు 960 వచ్చింది. పుస్తకంలో ఉన్నది 980 కాబట్టి 980 వేశాను. మాస్టారు పక్కనే నిలబడి, "వచ్చింది రాయి. ఎందుకొచ్చిందో కింద రాయి" అన్నారు. కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

మళ్లీ ల్యాబుకెళ్లి వేరువేరు సైజుల జంక్షన్లు కొలిచాను. నిజమైన శాతం సైజుతో మారకూడదు. చిన్నవాటిలో 15 శాతమే ఉంది. పెద్దవాటిలోనే 200. సంగతేమిటంటే పెద్ద జంక్షన్ నిరోధం దానికి కరెంటు తెచ్చే లోహపు పట్టీ నిరోధం కన్నా తక్కువైపోయింది. కరెంటు అంతటా పరుచుకోక ఒక అంచుకే తోసుకుపోయింది. వోల్టుమీటరు ఉన్నదానికన్నా తక్కువ చూపించింది. చిన్న అంకెతో భాగిస్తే శాతం పెద్దదైంది. ఈ మోసం గురించి మూడేరా బృందమే 1996లో రాసింది. నేను చదవలేదు, అంతే. వ్యాసం వెనక్కి తీసుకున్నాను. ఆ ఏడు సదస్సుకు మా గ్రూపులో నేనొక్కడినే వెళ్లలేదు.

2004లో మెగ్నీషియం ఆక్సైడ్ పొరతో జపాన్‌లో, అమెరికాలో నిజంగానే 200 శాతం దరిదాపులకు వచ్చారు. ఆ వార్త చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇక మన బీచి మాగ్నటైట్ జాతి ఆక్సైడ్‌నే అయస్కాంత పొరగా వాడితే అద్భుతం జరుగుతుందని సిద్ధాంతం చెప్పింది. మామూలు వేడిమిలో ఆశించినంత రాలేదు.

ఆ రికార్డు పుస్తకం ఇవాళ తెచ్చాను, భోజనాల దగ్గర చూపిస్తాను. 980 కొట్టేసి ఉంటుంది. పక్కన 960. దాని కింద నా గుండ్రటి అక్షరాల్లో, "గుండు వ్యాసార్ధం కలపడం మరిచిపోయాను" అని ఉంటుంది.