దళాలీ చేసేవారికీ ఒక నంబరు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూలో పాఠాలు చెప్పుకునే పంతులుకి స్థలాల బేరాల గొడవ ఎందుకని మీరనుకోవచ్చు. మన కుర్రవాడొకడు మొన్న దారిలో ఆపి, "మాష్టారూ, స్థలం చూపించడానికి కూడా లైసెన్సేటండీ?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను.

మా చెల్లెలి భర్త గల్ఫులో కష్టపడి కూడబెట్టిన డబ్బు తెచ్చి, హైవే పక్కన వేసిన ఒక లేఅవుటులో స్థలానికి కట్టాడు. చేతికి దక్కింది ఒక తెల్లకాగితం రసీదు. ఆ లేఅవుటుకు రిజిస్ట్రేషనే లేదని తరవాత తేలింది. మధ్యవర్తి మాకు తెలిసినవాడే, మోసగాడు కాడు. అతనూ ఏమీ చూడకుండా ఓనరు మాట నమ్మాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఎదురుపడితే తల వంచుకుని పక్కకు పోతాడు. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ మనిషి మాకు దూరమయ్యాడు.

మన ఉద్దానంలో జీడితోట, కొబ్బరితోట చేతులు మారితే మధ్యవర్తి ఉండడం తాతల నాటి అలవాటు. రైతుకూ రైతుకూ మధ్య తోట బేరం కుదిర్చినవాడికి ఈ చట్టంతో పని లేదు. సంగతల్లా లేఅవుటు ప్లాట్లు, అపార్టుమెంటు ఫ్లాట్ల దగ్గరే వస్తుంది. 2016లో పార్లమెంటు చేసిన చట్టాన్నే మనం రెరా అంటున్నాం. 2017 మే 1 నుంచి అది పూర్తిగా అమల్లో ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో పన్నెండు సెంట్ల పైచిలుకు, దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా ప్రాజెక్టును రిజిస్టరు చేయాలి. అలాంటి ప్రాజెక్టులో ప్లాటు అమ్మించే ఏజెంటు కూడా తన పేరు రిజిస్టరు చేసుకోవాలి. చేయకుంటే రోజుకు 10,000 రూపాయల జరిమానా. అది పెరిగి పెరిగి, అమ్మించిన ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా పోవచ్చు. మూలపేట పోర్టుకు 2023లో శంకుస్థాపన అయ్యాక మనవైపు బేరాల మాట ఎంత పెరిగిందో మీకు తెలుసు. అందుకే ఈ రోజు ఈ విషయం ఎత్తుకున్నాను.

దరఖాస్తుకు విజయవాడ బండి ఎక్కనక్కర లేదు. ఆంధ్రప్రదేశ్ రెరా వెబ్‌సైటులో ఏజెంటుగా పేరు నమోదు చేసుకుని ఫోటో, పాన్ కార్డు, చిరునామా రుజువు వగైరా ఎక్కించి, రుసుము అక్కడే చెల్లించవచ్చు. ఒక్క మనిషికి ఒక రుసుము, సంస్థకు అంతకంటే ఎక్కువ. పాన్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంటే ముందు అది సరిచేయించుకోండి. మహమ్మద్‌ని ఎన్ని రకాలుగా రాస్తారో బడి రిజిస్టరులో రోజూ చూస్తున్నాను గదా!

వచ్చే నంబరు అయిదేళ్ళు చెల్లుతుంది. కుదిర్చిన ప్రతి అమ్మకంలోనూ ఆ నంబరు వేయాలి, లెక్కల పుస్తకం ఉంచాలి, కొనేవాడు అడిగిన ప్రాజెక్టు కాగితాలు చూపాలి. రిజిస్టరు కాని ప్రాజెక్టులో ప్లాటు అసలు అమ్మించకూడదు. మా ఇంట్లో తగిలిన దెబ్బ సరిగ్గా ఇక్కడే. ఆడవాళ్ళు కూడా ఒకటి గుర్తుంచుకోండి: అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయించకుండా బిల్డరు ఖరీదులో 10 శాతానికి మించి తీసుకోకూడదు.

ఇక రెన్యువలు. నాకు తెలిసిన ఒకాయన మొదటిసారి దరఖాస్తు నెట్ సెంటరులో చేయించాడు. ఈమెయిలు ఆ కొట్టువాడిది, ఫోను నంబరు కూడా వాడిదే. అయిదేళ్ళకి కొట్టు మూతపడింది. పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో తెలీదు, గడువు ఎప్పుడు దాటిందో అంతకంటే తెలీదు. గడువు ఇంకా కొన్ని నెలలుండగానే రెన్యువలు పెట్టుకోవాలి. సర్టిఫికెట్టు మీది తేదీ గోడ క్యాలెండరులో రాసుకున్నా చాలు, కానీ ఫోను నంబరూ, ఈమెయిలూ మాత్రం సొంతవి ఇవ్వండి.

టైపు చేయడం రాదని మొహమాటపడేవాళ్ళు ఆదివారం సాయంత్రం మన సంఘం గదికి రండి, నేను కూర్చుంటాను. కాగితాలు తెచ్చుకోండి. ఫోను మాత్రం ఇంట్లో పిల్లల చేతికిచ్చి రాకండి, కబుర్లన్నీ దానికే వస్తాయి.