చేప తలమీది చిల్లులు – గండమా, జబ్బా?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడవలసిన పెద్దలు మాట్లాడారు. నా వంతుకు మిగిలింది ఇళ్ళలో పెంచుకునే రంగుచేపల జబ్బు. ఇది పెన్షనర్ల సభలో మాట్లాడే విషయమా అని కొందరికి నవ్వు రావచ్చు. మన సభ్యుల ఇళ్ళకు వెళ్ళి చూడండి. పిల్లలు ముచ్చటపడి కొన్న గాజు తొట్టి, వాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళిపోయాక మన పాలబడింది. మేత వేసేది మనమే, నీళ్ళు మార్చేది మనమే. ఆ చేప మూలపడితే దిగులుపడేదీ మనమే.

నేను చేపల డాక్టరును కాను. ముప్ఫై ఏళ్ళకు పైగా రెవెన్యూ కార్యాలయంలో కాగితాలు రాసిన గుమస్తాను. ఫైలు అర్థం కాకపోతే మొదటి కాగితం నుంచి చదువుకుంటూ రావడం నాకు అలవాటు. ఈ విషయం కూడా అలాగే చదివి, తెలిసినవారిని అడిగి, మీ ముందు పెడుతున్నాను.

ఆస్కార్, ఏంజెల్, డిస్కస్, ఫ్లవర్‌హార్న్ అని అంగళ్ళలో అమ్మే చేపలన్నీ సిక్లిడ్ అనే ఒకే కుటుంబానివి. ఆస్కారుది అమెజాన్ నదీ ప్రాంతం. ఫ్లవర్‌హార్న్ ఏ నదిలోనూ పుట్టలేదు, మలేషియాలో 1990లలో మనుషులు సంకరం చేసి పుట్టించినది. ఈ కుటుంబం మనకు కొత్తది కాదు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా ఇందులోదే. మన పులికాట్ సరస్సులో దొరికే చేప, కేరళ వారు కరిమీన్ అని పిలిచి 2010లో తమ రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నది, అదీ ఈ కుటుంబానిదే.

ఈ చేపలకు తరచుగా వచ్చే జబ్బు ఒకటుంది. ముందు చేప మేత మానేస్తుంది, లేదా నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది. రంగు నల్లబడి ఒక మూలకు చేరుతుంది. మలం తెల్లగా, జిగురుగా, దారంలా వేలాడుతుంది. వీపు సన్నబడిపోతుంది. కొన్నింటికి కడుపు ఉబ్బుతుంది. చాలా చేపలకు తలమీద, కళ్ళ చుట్టూ సూదితో గుచ్చినట్లు చిన్న చిల్లులు పడి, నానాటికీ పెద్దవవుతాయి.

ఈ చిల్లుల దగ్గరే మన భయం మొదలవుతుంది. ఇంటి మీదికి వచ్చే గండాన్ని చేప తనమీద వేసుకుంటుందని నమ్మి ఫ్లవర్‌హార్న్ పెంచేవారు చాలామంది ఉన్నారు. మన సభ్యులొకరు రిటైరైన మాస్టారు. భార్య పోయారు, కొడుకు విదేశంలో ఉన్నాడు. ఇంట్లో ఆయనా, ఒక ఆస్కారూ. చేప తలమీద చిల్లులు పడగానే చూడవచ్చినవారొకరు "తల మీద వచ్చిందంటే ఇంటి పెద్దకు మంచిది కాదు మాస్టారూ" అని ఒక మాట అని వెళ్ళిపోయారు. ఆ మాట ఆయనకు పట్టుకుంది. రాత్రిళ్ళు నిద్ర లేదు. ఒకరోజు మా ఇంటికి వచ్చి బ్యాంకు పుస్తకాలన్నీ నా ముందు పెట్టి, "నామినీలు సరిగా ఉన్నాయేమో చూసి పెట్టవయ్యా" అన్నారు. చేపకు వచ్చిన జబ్బు మనిషికి అంటుకోవడమంటే అదే. పురుగు అంటుకోలేదు, భయం అంటుకుంది.

1991లో మన ముత్తుకూరులో మత్స్య కళాశాల పెట్టారు. చేపల చదువు చదివినవారు మన ఊళ్ళో కొత్త కాదు. అలా చదివిన కుర్రవాడొకడిని మాస్టారింటికి తీసుకువెళ్ళాను. అతను చేప మలం కొంచెం తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి, మాస్టారును కూడా చూడమన్నాడు. చిన్నచిన్న జీవులు గిలగిలా పరుగులు తీస్తున్నాయి. "ఇదీ మాస్టారూ మీ గండం" అన్నాడు.

ఆ జీవి పేరు హెక్సామిటా. సిక్లిడ్ చేపల్లో ఉండేదాన్ని స్పైరోన్యూక్లియస్ అని శాస్త్రజ్ఞులు వేరు చేశారు. పొడవు సుమారు మిల్లీమీటరులో నూరో వంతు. చేప పేగులో ఉంటుంది, మలంతో నీళ్ళలోకి వచ్చి మరో చేప నోట్లోకి పోతుంది. మనుషులకు విరేచనాలు తెచ్చే జియార్డియాకు ఇది దగ్గర చుట్టం. ఆరోగ్యంగా ఉన్న చేప కడుపులో కూడా కొద్దిగా ఉండవచ్చు, అప్పుడు హాని ఉండదు. తొట్టి ఇరుకై, నీళ్ళు మురికై, మేత సరిపడక చేప నీరసపడినప్పుడు ఇది పెరిగిపోతుంది.

తల చిల్లులకు మాత్రం ఈ పురుగు ఒక్కటే కారణమని శాస్త్రజ్ఞులు తేల్చలేదు. విటమిన్ సి వంటివి తక్కువ కావడం, ఖనిజాల లోపం, పాత నీళ్ళు కూడా కారణాలని చెబుతారు. అందుచేత మందు ఒక్కటే వేస్తే చాలదు.

ఇక వైద్యం. మెట్రోనిడజోల్ మాత్ర మనలో మింగనివారు ఉండరు. జిగట విరేచనాలకు డాక్టరు రాసే మాత్ర అదే. చేపకూ అదే. లీటరు నీటికి సుమారు 7 మిల్లీగ్రాములు చొప్పున, రోజుకు ఒకసారి, అయిదు రోజులు నీళ్ళలో కలపాలి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు నీరు ఉన్న తొట్టిలో, అడుగున గులకరాళ్ళు పోను సుమారు 120 లీటర్లు పడతాయి. దానికి 400 మిల్లీగ్రాముల మాత్రలు రెండు. మెత్తగా నూరి, గ్లాసు నీళ్ళలో కలిపి పోయాలి. రోజూ మందుకు ముందు కొంత నీరు మార్చాలి. ఫిల్టరులో బొగ్గు ఉంటే తీసివేయాలి, లేకపోతే మందును అదే పీల్చేస్తుంది. చేప ఇంకా మేత తింటూ ఉంటే, వంద గ్రాముల మేతకు ఒక గ్రాము మందు కలిపి అయిదు రోజులు పెట్టడం ఇంకా మేలు. జబ్బు పేగులో ఉంది కదా. చేయబోయే ముందు తెలిసినవారికి చేపను చూపించడం మంచిది. తెల్లమచ్చ వంటి వేరే జబ్బులకు ఈ మందు పనిచేయదు.

ఇక్కడ మన తీరంవారు జాగ్రత్తగా వినవలసిన మాట ఒకటుంది. ఈ మందు గాజు తొట్టిలోని అందాల చేపకే, తినే చేపకు కాదు. రొయ్యల, చేపల పెంపకంలో మెట్రోనిడజోల్ వాడరాదని 2002లోనే కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఇంట్లో ఆస్కారుకు నయమైంది కదా అని కొడుకు రొయ్యల గుంటలో చల్లితే, పరీక్షలో మందు అవశేషం బయటపడి సరుకు వెనక్కి వస్తుంది. 1994లో రొయ్యలకు తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు మన జిల్లాలో ఎన్ని కుటుంబాలు అప్పులపాలయ్యాయో మీకు తెలుసు. మందు కలిసిన నీటిని కాలువలో, చెరువులో, గుంటల దగ్గర పారబోయకండి. జబ్బు చేపను "పోనీలే, బతుకుతుంది" అని కాలువలో వదలకండి. పరాయి చేప మన నీళ్ళలో పడితే మన చేపల మేతా గుడ్లూ దానికే.

నయమయ్యాక మళ్ళీ రాకుండా చూసుకోవడం మన చేతిలో పని. ఆస్కారు అడుగు పొడవు పెరిగే చేప. దానికి రెండడుగుల తొట్టి అంటే నలుగురున్న కుటుంబానికి ఒంటిగది క్వార్టరు ఇచ్చినట్లే. వారానికొకసారి నాలుగో వంతు నీళ్ళు మార్చాలి, మొత్తం ఒక్కసారి మార్చకూడదు. కుళాయి నీళ్ళు క్లోరిన్ పోయేదాకా ఒక రోజు బయట పట్టి ఉంచాలి. ఉప్పు బోరు నీళ్ళు వద్దు. ఒకే రకం ఎండు పురుగులు కాకుండా రకరకాల మేత వేయాలి, మిగిలింది తీసివేయాలి. కొత్త చేపను తెస్తే మూడు నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి చూడాలి.

మాస్టారి ఆస్కారు నాలుగో రోజున మేత ముట్టింది. అదే తొట్టిలో ఉన్న రెండు ఏంజెల్ చేపలు మాత్రం అప్పటికే బాగా చిక్కిపోయి ఉండి, దక్కలేదు. ఆస్కారు చిల్లులు మానడానికి నెలలు పట్టింది, మచ్చలు అలాగే ఉండిపోయాయి. మాస్టారు మళ్ళీ పొద్దున్నే నడకకు వస్తున్నారు. బ్యాంకు నామినీలు కూడా సరిచేయించుకున్నారు. అది ఎలాగూ చేయవలసిన పనే, మనలో చేయనివారు ఇకనైనా చేయండి.

మీ ఇంట్లో చేప నలత పడితే ముందు నీళ్ళు చూడండి, తర్వాత మలం చూడండి. పంచాంగం చూడనక్కరలేదు. ఒంటరిగా ఉన్నవారి ఇంటికి వెళ్ళినప్పుడు నోటికి వచ్చిన శకునం చెప్పి రావద్దని మాత్రం మీ అందరినీ చేతులు జోడించి కోరుకుంటున్నాను. మాట అన్నవాడు మరిచిపోతాడు, విన్నవాడు రాత్రంతా మేలుకుంటాడు.